నా భార్య ఒంట్లో చెల్పూర్ రక్తం

మా క్రైస్తవ సంఘంలో కృతజ్ఞత కూడికకు ఒక పద్ధతి ఉంది. ఇంట్లో ఏదైనా మేలు జరిగితే ఒక రోజు అనుకుని సంఘమంతటినీ భోజనానికి పిలుస్తారు. పాటలు, ప్రార్థన, వాక్యం అయ్యాక ఇంటి యజమాని లేచి సాక్ష్యం చెప్పాలి. అంటే దేవుడు తనకు చేసిన మేలును నలుగురి ముందూ చెప్పుకోవాలి. అది అయ్యేదాకా అన్నం గంజు మీద మూత తీయరు. అందుకే ఎవరి సాక్ష్యమైనా పొట్టిగానే ఉంటుంది. నావి మాత్రం పొడుగ్గా ఉండేవి, అయినా ఒక్కరూ గంజు వైపు చూసేవాళ్లు కాదు. ఇది గొప్ప కోసం చెప్పడం లేదు అని రాయబోయాను. గొప్ప కోసమే చెప్తున్నాను.

రఘునాథపల్లిలో నాది మోటార్ వైండింగ్ దుకాణం. కాలిపోయిన బావి మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టి ఇస్తాను. ఆ పనికి చేతులు చాలు, నోరు ఖాళీగా ఉంటుంది. మోటారు తెచ్చిన రైతు కూడా ఇంటికి పోడు. మడి ఎండుతుంటే ఇంటికి పోయి ఏం చేస్తాడు? బల్ల మీద కూర్చుని నా చేతుల వైపే చూస్తుంటాడు. ఆ చూపు తట్టుకోలేక కథలు మొదలుపెట్టాను. నేను చుట్టిన ఒక మోటారు, కరెంటు పోయాక కూడా నా పరువు కోసం అరగంట తిరిగిందని చెప్పాను. ఒక బోరులోంచి నీళ్లతో పాటు ఎవరిదో పెళ్లి ఉంగరం పైకొచ్చిందని చెప్పాను. నమ్మినవాళ్లున్నారు. ఆ ఉంగరం మాదేనని వచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

దుకాణంలో కథకూ మందిరంలో సాక్ష్యానికీ మధ్య గోడ ఉండాలి. నాకూ ఉండేది. తలుపు పెట్టుకున్నదీ నేనే.

నిరుడు వానాకాలంలో జనగామలో నా భార్యకు గర్భసంచి ఆపరేషన్ అయింది. అయ్యాక నెత్తురు ఆగలేదు. రక్తం ఎక్కించాలన్నారు. ఆమెది ఓ నెగెటివ్, దొరకడం కష్టమైన గ్రూపు. ఆ పూట నిల్వ లేదు, బయట అడుగుతున్నాం, మీ మనుషుల్లో కూడా చూడండి అన్నారు. నేను చొక్కా చేయి భుజం దాకా మడిచి ముందు నిలబడ్డాను. పరీక్ష చేసిన అమ్మాయి చీటీ చూసి, "బి పాజిటివ్. మీది పనికిరాదండీ" అంది. పెళ్లయి ఇరవై రెండేళ్లయింది. ఆ మాట ఇంట్లో చాలాసార్లు విన్నాను గానీ, చీటీ మీద రాసి చేతికిచ్చింది ఆ రోజే.

నా భార్య చెల్లెలు, మా మరదలిది కూడా వేరే గ్రూపు. ఆమె ఏడుస్తూ భర్తకు ఫోన్ చేసింది. అతను నాకు తోడల్లుడు. ఊరు మొగుళ్లపల్లి, వ్యవసాయం చేసుకునే హిందువుల ఇల్లు. ఉద్యోగం భూపాలపల్లి దగ్గర చెల్పూర్ కరెంటు ప్లాంటులో. మా మరదలూ అతనూ ఇష్టపడి చేసుకున్నారు. మందిరానికి రాడు, వచ్చేవాళ్లను ఆపడు. డ్యూటీలో మెడకు వేసుకునే కార్డు మీద అతని గ్రూపు అచ్చేసి ఉంటుందట: ఓ నెగెటివ్. సెలవు చెప్పి బండి తీశాడు. పరకాల దగ్గర వాన పట్టుకున్నా ఆగలేదు. జనగామలో దిగేసరికి చొక్కా పిండితే బకెట్టు నిండేది. సరే, చెంబు నిండేది. సూదంటే భయమట, మొహం గోడ వైపు తిప్పుకుని చేయి చాచాడు. తర్వాత ఒక బిస్కెట్ పుడ తిని, చాయ్ తాగి, "వదినెకు ఎట్లున్నదో ఫోన్ల చెప్పు అన్నా" అని మళ్లీ బండెక్కాడు.

ఆ రక్తపు సంచి నా భార్య మంచం పక్కన వేలాడింది. ఒక్కొక్క చుక్కా ఆమెలోకి దిగుతుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. సంచి సగమయ్యేసరికి నాలో మరొకటి కూడా లేచింది. దాని పేరు అప్పుడు తెలియలేదు. ఆమె మొహంలోకి ఎరుపు తిరిగొస్తోంది, కానీ ఆ ఎరుపు నాది కాదు.

ఇంటికొచ్చాక దాని పేరు తెలిసింది. ఆస్పత్రిలో నా భార్య కళ్లు తెరిచి అడిగిన మొదటి మాట "మరిది మంచిగ చేరిండా?" అని. రోజూ సాయంత్రం చెల్పూర్‌కు ఫోన్. మరిదికి ఇష్టమని ఆనక్కాయ తొక్కు పచ్చడి నూరించి పంపింది. ఇరవై రెండేళ్లలో కాకరకాయ ముట్టని మనిషి ఒక రోజు కాకరకాయ వేపుడు అడిగి తింది. తోడల్లుడికి కాకరకాయ ప్రాణం. నేను ముద్ద చేతిలో పట్టుకుని ఆమె నమలడం చూస్తూ కూర్చున్నాను. ఆమె నవ్వితే ఆ నవ్వులో సగం చెల్పూర్ నుంచి వచ్చినట్టుండేది. దుకాణానికొచ్చిన రైతులు కూడా "మీ సడ్డకుడు దేవుడన్నా" అనేవాళ్లు, తోడల్లుణ్ని మా దగ్గర అలాగే అంటారు. ఆ రోజుల్లో నేను చుట్టిన మోటార్లు ఎన్ని వారంలోపే మళ్లీ కాలాయో నేను చెప్పను.

అప్పుడు నాకు వాక్యం అక్కరకొచ్చింది. అంతకు ముందు ఇరవై ఏళ్లుగా నేను మనిషి సొంత ఇష్టం పక్షం. మంచీ చెడూ ఎంచుకునే వీలు దేవుడు మనిషికే ఇచ్చాడని, నా పాపాలన్నీ నా సొంత కష్టార్జితమని వాదించేవాణ్ని. ఆ వారం పక్షం మార్చాను. మనిషి చేతిలో ఏమీ లేదు, అంతా దేవుడే చేయిస్తాడు, కాబట్టి కృతజ్ఞత మొత్తం ఆయనకే చెల్లాలి, మనిషికి ఇస్తే దొంగతనం కింద లెక్క. మా ఆదివారం బైబిలు తరగతిలో ఇది గట్టిగా చెప్పాను. అందరూ నేను భక్తిలో ఎదిగానని అనుకున్నారు. నేను చేస్తున్నది ఒక మనిషి చేతిలోంచి దండ లాక్కోవడం. దేవుడి మెడలో వేస్తానంటే ఎవరూ ఆపరు.

ఇంతవరకు పాపం చిన్నది. పెద్దది మానుకోటలో జరిగింది. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం, మా అత్తగారి ఊరు. ఆమె కూతుర్ని చూసుకోవడానికి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె బీపీ మందులు, నాలుగు చీరలు తెమ్మంటే ఒక ఆదివారం నేనొక్కణ్నే రైల్లో పోయాను. ఆరాధన వేళయిందని అక్కడి మందిరంలో కూర్చున్నాను. అక్కడి పాస్టరు, మేం అయ్యగారు అంటాం, నన్ను చూసి "రఘునాథపల్లి తమ్ముడు వచ్చిండు, మనూరి బిడ్డ ఆరోగ్యం గురించి సాక్ష్యం చెప్తడు" అన్నారు.

లేచాను. మొదలు నిజమే చెప్పాను. ఆపరేషన్, ఆగని నెత్తురు, దొరకని గ్రూపు. ఆడవాళ్లు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అక్కడికి వచ్చేసరికి నా నోరు తలుపు తీసుకుని గోడ దాటింది. "నేను చేయి చాపిన. దేవుడు నా రక్తాన్నే ఆమెకు సరిపడేటట్టు చేసిండు" అన్నాను. మందిరమంతా "స్తోత్రం" అంది. ఒక అవ్వ వచ్చి నా చేయి పట్టుకుని మోచేతి లోపల కళ్లకద్దుకుంది. సిగ్గుపడాల్సింది. పడలేదు. ఆపరేషన్ అయిన తర్వాత మొదటిసారి కడుపు నిండినట్టయింది. వాన కూడా వాడుకున్నాను, పరకాల వానను తెచ్చి జనగామలో కురిపించాను.

ఇంకో రెండు వారాలకు మా ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టుకున్నాం. చెల్పూర్ వాళ్లు ముందు రోజే దిగారు. కూడిక రోజు పొద్దున వాకిట్లో నేనూ తోడల్లుడూ ఉల్లిగడ్డలు కోస్తున్నాం. అత్త బగారా అన్నానికి బియ్యం కడుగుతోంది. నా భార్య పొయ్యి దగ్గర ముక్కాలి పీట మీద కూర్చుని మసాలా చెప్తోంది. నేనే గోకాను.

"తమ్మీ, ఒక మాట చెప్త, తప్పుగ అనుకోకు. నువ్వు రక్తమిచ్చినవ్, కాదనను. కని ఇప్పిచ్చినోడు దేవుడు. నువ్వు పైపు అసొంటోనివి. నీళ్లు తాగినోడు పైపుకు దండం పెడ్తడా?"

"పెట్టడన్నా," అన్నాడు పొట్టు తీస్తూ. "కని పైపు పరకాల కాడ వాన్ల తడువదు గద."

"ఆ వాన గూడ దేవుడే కురిపిచ్చిండు."

"మంచిగున్నది. తడిపినోడు ఆయననే, తడిపిచ్చినోడు ఆయననే. నడుమల జెరం నాకెందుకొచ్చిందన్నా?"

అత్త చేతిలో బియ్యం పెట్టుకుని పకపకా నవ్వింది. నాకు మండింది. "మనిషి చేతుల ఏం లేదు తమ్మీ. ఎవలికేం రాసిపెట్టి ఉంటె గదే."

"మరి నీది బి గ్రూపు చేసింది గూడ ఆయననే గద?"

"ఆయననే."

"మరి నెల రోజుల సంది నామీద మొఖం మాడ్చుకునుడెందుకు? ఆయన మీద అలుగు."

ఇంత సూటిగా ఎవరూ అనలేదు. అతను అన్నది కూడా దెప్పినట్టు లేదు, వంటకు ఉప్పెంతో అడిగినట్టుంది. అదే నాకు నచ్చనిది. మళ్లీ అతనే అందుకున్నాడు.

"ఇంకొకటి అడుగుత అన్నా. బావుల కాడ ఆటో స్టార్టర్లుంటయి గద. కరెంటు రాంగనే మోటరు దానంతటదే నడుస్తది, రైతు ఇంట్ల పండుకున్న గూడ. దేవుడు మనుషులకు గట్ల పెట్టిండనుకో. పొద్దుగాల లేవంగనే అందరు స్తోత్రం, స్తోత్రం అనుకుంట తిరుగుతరు. గది ఆరాధన అయితదా?"

వైండింగ్ పనివాణ్ని పట్టుకుని స్టార్టర్‌తో కొట్టాడు. "కాదు" అన్నాను. అని నాలిక కరుచుకున్నాను.

"ఎందుకు కాదు?"

"ఎందుకంటె... ఆరాధన చెయ్యకుండ ఉండే వీలు గూడ ఉండాలె. వీలుండి, అయినా చేస్తెనే గద..." ఇరవై ఏళ్ల నా పాత పక్షం నా నోటినుంచే బయటికొస్తోంది. ఆపేశాను.

"గంతే అన్నా. నేను రానంటె ఎవలేమంటుండె? సూదంటె నాకు ఎంత బుగులో మా ఇంటామెకు ఎర్కనే." ఇంకో ఉల్లిగడ్డ తీసుకున్నాడు. "ఇది గూడ చెప్పు. మా తాత ఒకాయన ఉండె. పొద్దుగాల నమస్తె పెట్టకపోతె దినమంత మాట్లాడకపోతుండె. మీ దేవునికి గట్లనేనా, దినాం పొగడాల్నా?"

నేను నోరు తెరిచేలోపు పొయ్యి దగ్గరి నుంచి జవాబొచ్చింది. "దేవునికి అక్కెర లేదు మరిదీ. మనకే అక్కెర. మేలు చేసినోన్ని తలుసుకుంటె మనసు నిమ్మళమైతది. పొగడకపోతె అన్నం సయించంది ఈ ఇంట్ల ఒక్కనికే."

ఉల్లిగడ్డల పుణ్యమా అని నా కళ్లు ఎందుకు ఎర్రబడ్డాయో ఎవరూ అడగలేదు.

తోడల్లుడు కట్టెలు తేవడానికి లేచాక ఆమె నన్ను దగ్గరికి పిలిచింది. "ఇయ్యాల సాక్ష్యంల మరిది సంగతి చెప్పాలె. దేవుని పేరు మొదలు చెప్పు, ఎంతసేపన్న చెప్పు. ఆయెనుక మరిదిని లేపి నిలవెట్టి, ఈయన రక్తమిచ్చిండని చెప్పు. నీ నోటితోని."

"దేవుని మహిమ మనిషికియ్యొద్దు గదనే."

"నాకు చెప్పకు నీ వాక్యం. ఆయనకిస్తె దేవునికి తక్కువైతదా? నువ్వు చెప్పకపోతె నేను లేస్త. నేను లేస్తె, నేను బతికినంక ఈ నెలంత నువ్వెట్లున్నవో గది గూడ చెప్త. నేను బతికినందుకు సంబురమో, ఆయన చేతుల బతికినందుకు ఏడుపో, నీకే తెల్వకుండ తిరుగుతున్నవ్."

చెప్తానని తలూపాను. మా సంఘం వాళ్లకు నిజం తెలుసు, చెప్తే పోయేది నా కుళ్లు ఒక్కటే అనుకున్నాను. అంతలో అత్త చేతులు తుడుచుకుంటూ, "అల్లుడా, మా మానుకోట అయ్యగారిని గూడ రమ్మన్న. అయిదారుగురు వస్తున్నరు, రైలెక్కిండ్రట" అంది.

ఆ రైలు కాజీపేటలో ఆగిపోవాలని ప్రార్థన చేశాను. దేవుడు వినలేదు. సమయానికే దిగారు. మానుకోట అవ్వ వాకిట్లో వేసిన టెంటులోకి అడుగుపెడుతూనే నా మోచేయి కోసం వెతికింది. నేను చొక్కా చేతులు మణికట్టు దాకా దించుకున్నాను.

పాటలయ్యాయి. మా అయ్యగారు ప్రార్థన చేసి, వచ్చిన పెద్దలు రెండు మాటలు చెప్పాలని మానుకోట అయ్యగారిని లేపారు. ఆయన మొదటి మాటే నా మీదకు వచ్చింది. "ఈ సహోదరుడు తన సొంత రక్తమిచ్చి భార్యను బతికించుకున్నడు. మా మందిరంల ఆయన సాక్ష్యం ఇని ఏడ్వనోళ్లు లేరు. ప్రభువు సంఘం కోసం రక్తమిచ్చిండు. ఇంటి యజమాని ఎట్లుండాల్నో ఈయనను చూసి నేర్సుకోవాలె."

మానుకోట వాళ్లు "స్తోత్రం" అన్నారు. మా వాళ్లెవరూ అనలేదు. మా అయ్యగారు చేతిలో పుస్తకం తెరిచి మూసి మళ్లీ తెరిచారు. అత్త నోరు తెరుచుకుని ఉంది. నా భార్య నన్నే చూస్తోంది, కొంగు నడుముకు దోపుకుంటోంది, లేవడానికి.

అంతలో ఒక గొంతు "ఆమెన్" అంది.

తోడల్లుడు. వెనక వరుసలో కూర్చుని, తల వంచుకుని, ఎక్కడ ఏమనాలో తెలియని మనిషి, సరిగ్గా అనాల్సిన చోట అన్నాడు. నన్ను కాపాడటానికి. రక్తమిచ్చాడు, ఇప్పుడు ఆ రక్తం పేరు కూడా తీసుకోమని నా ఒళ్లో పెడుతున్నాడు.

నాకు పశ్చాత్తాపం వచ్చి లేచానని రాస్తే చదివేవాళ్లకు బాగుంటుంది. నన్ను లేపింది కుళ్లు. ఒకసారి చేయి చాచి నాకంటే పెద్దవాడయ్యాడు. ఇప్పుడు కూర్చున్న చోటినుంచి కదలకుండానే ఇంకా పెద్దవాడవుతున్నాడు. ఇది కూడా ఇతనికే వదిలేస్తే ఇక ఈ జన్మలో నేను ఇతని పక్కన కూర్చుని అన్నం తినలేను.

లేచాను. "అయ్యగారు, నేను మానుకోటల అబద్ధం చెప్పిన. నాది బి పాజిటివ్. నా రక్తం నా ఇంటామెకు పనికిరాదు. ఇచ్చింది మా తోడల్లుడు. చెల్పూర్ నుంచి వాన్ల తడుసుకుంట వచ్చి ఇచ్చిండు. లే తమ్మీ."

లేవలేదు. "లేరా!" అన్నాను. అన్నాక లేచాడు, ఉల్లిగడ్డ వాసన చేతుల్ని ప్యాంటుకు తుడుచుకుంటూ. "ఈయన" అన్నాను. నా జీవితంలో అంత పొట్టి సాక్ష్యం లేదు.

మానుకోట అవ్వ చేతులు జోడించింది. "చూసిండ్రా, ఎంత తగ్గింపో! చేసిన మేలు చెప్పుకునుడు గూడ ఇష్టం లేక తమ్ముని మీద పెడ్తున్నడు."

"స్తోత్రం!" అన్నారు ఆమె పక్కవాళ్లు.

కరెంటు లేకుండా తిరిగిన మోటారును నమ్మారు, బోరులో ఉంగరాన్ని నమ్మారు. ఒక్క నిజాన్ని నమ్మించడం నా వల్ల కావడం లేదు. "లేదవ్వా, నిజంగనే..." అంటుంటే, "ఇగ ఊకో బిడ్డా, దేవునికి తెలుసు" అని ఆమే నన్ను ఓదార్చింది.

అప్పుడు నా భార్య లేచింది. "అవ్వా, ఆయన చెప్పింది నిజమే. నాకు ఎక్కిచ్చింది మరిది రక్తమే." అందరూ ఆమె వైపు తిరిగారు. ఇక నెల రోజుల నా నడవడి మొత్తం విప్పుతుందని నేను నేల చూశాను. ఆమె అదే గొంతుతో అందుకుంది. "ఇంకొకటి గూడ నిజమే. నేను మంచంల ఉంటె మా చెల్లె చెప్పింది. ఈయన గ్రూపు పడదన్నంక గూడ ఇనలేదట. మెషిను తప్పు చూపిచ్చిందేమో మళ్ల చూడుమని ఆ పిల్లను బతిలాడి, మూడుసార్లు వేలికి సూది గుచ్చిపిచ్చుకున్నడట. మూడోసారి అదే గ్రూపొస్తె, గోడకానుకోని కూసున్నడట."

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. తోడల్లుడు నవ్వలేదు. ఆ సంగతి అతనికి తెలియదు, నా వైపు చూశాడు. నేను మానుకోట అయ్యగారి వైపు చూశాను, అది కొంచెం తేలిక.

ఆయన గొంతు సవరించుకున్నారు. "తమ్ముడా, ఈడ దిద్దుకున్నవ్, మంచిది. ఆడ చెప్పింది ఆడనే దిద్దుకోవాలె. ఆదివారం మానుకోటకు రా." మా అయ్యగారు వెంటనే ముగింపు ప్రార్థన అందుకున్నారు, గంజు మూత తీశారు.

భోజనాల దగ్గర పెద్ద కుర్చీ తోడల్లుడికి వేశారు. మా సంఘం ఆడవాళ్లు వరసగా వచ్చి అతని విస్తరిలో లెగ్ పీసులు వేసి పోతున్నారు. ఒక్క మనిషికి అన్ని కాళ్లు ఎక్కడినుంచి వచ్చాయో, ఆ కోళ్లకు నాలుగేసి కాళ్లున్నాయేమో. నేను మంచినీళ్ల జగ్గు పట్టుకుని అతని వెనక నిలబడి లెక్కపెట్టాను. నిజం చెప్తే కుళ్లు పోతుందని ఎవరైనా చెప్తే నమ్మొద్దు. కాకపోతే ఆ రోజు అతని గ్లాసు ఖాళీ కాకుండా చూసింది నేనే, నన్నెవరూ పోయమనలేదు.

అందరూ పోయాక నా భార్య నాకు అన్నం పెట్టింది. నేను రెండు ముద్దలు తిన్నాక అంది: "మానుకోటల గూడ ఇట్లనే చెప్పాలె. ఏం కలపొద్దు."

"కలప."

"వాన గిన పట్టుకొచ్చేవు."

"వాన తమ్మునిది. వాని కాడనే ఉంచుత."

"వేలికి గుచ్చిపిచ్చుకున్నది చెప్పుకో కావాల్నంటె. గది నీదే."

ఆదివారం పోయాను. ఆమె రైలెక్కే ఓపిక తెచ్చుకుని వెంట వచ్చి, ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చుంది. నేను లేచి నిలబడి ఉన్నదున్నట్టు చెప్పాను. వేలికి సూది దగ్గరికొచ్చేసరికి ఐదుసార్లు అనాలని నోటిదాకా వచ్చింది. ఐదంటే అవ్వ తప్పకుండా ఏడ్చేది. మూడే అన్నాను. అవ్వ ఏడవలేదు. నా భార్య మాత్రం కొంగుతో కళ్లు తుడుచుకుంది, దాంతోనే సర్దుకోవాల్సి వచ్చింది.